మైలుతుత్తం స్ఫటికం

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఎవరెవరు అంటే, మనోరమ అత్తమ్మ వంటింట్లో, శ్రీపతి మామయ్య ఆదివారం కదా పేపరు ముఖం మీద కప్పుకుని దివాన్ మీద, అనురాగ్ బావ మేడ మీద అశోక్‌నగర్ కోచింగ్ పుస్తకాలతో, అనూహ్య పొద్దున్నుంచీ నారాయణగూడలో ట్యూషన్, అంటే లేనట్టే, ఇంకెవరు, నవనీత ఒక్కతే, పిల్లి తన్నింది, గాలికి ఒలికింది అనడానికి కూడా లేదు, సీసా దానంతటదే కడుక్కోదు, ఎన్నిసార్లు లెక్కేసుకున్నా తన దగ్గరికే వచ్చి ఆగుతోంది, ఎదురుగా అనూహ్య భుజాన బ్యాగు కూడా దించకుండా తన గది గుమ్మంలో నిలబడి సీసాను వెలుతురుకెత్తి చూస్తోంది, దారం చివర పొద్దున రేగుపండంత ఉన్న నీలం స్ఫటికం చింతగింజంత అయి ఊగుతోంది.

ఇందుల నీళ్లు ఎవరు మార్చిన్రు అని అడిగింది అనూహ్య, గట్టిగా కూడా కాదు, నేనే వదినా, రేపు బడిల సైన్సు ఎగ్జిబిషన్ కద, దుమ్ము పట్టిందని కడిగిన అంది నవనీత, మామయ్య కూతురే అయినా, రెండు నెలలు పెద్దదే అయినా వదినా అనొద్దని ఎన్నిసార్లు చెప్పిందో, క్లాసుల నవ్వుతరే అని, కానీ భయమేస్తే నోటికి ఊళ్లో మాటే వస్తుంది, చేతులకూ ఊళ్లో పనే వస్తుంది కాబోలు, ఊళ్లో బడిలో సైన్సు సామాను బీరువా ఏడాదికోసారి, దసరా సెలవులకు ముందురోజు తెరిచేవారు, మొగిలయ్య సారు బీకర్లూ పరీక్షనాళికలూ బల్ల మీద పెట్టించి, చేతులు శుభ్రంగున్నోళ్లు రాండ్రి అంటే అందరికంటే ముందు నవనీత, గోరువెచ్చని నీళ్లతో కడిగి, తుడిచి, పసుపు రాసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాక మళ్లీ లోపల పెట్టి తాళం, వాటిలో ఏదో పోస్తారని, వేడి చేస్తారని ఎవరికీ తోచలేదు, సామానంటే కడగాల్సింది, పెద్దరోజు ముందు మరీ శుభ్రంగా, ఆ చేతులే ఈ పొద్దున స్నానాల నీళ్లలోంచి చెంబు ముంచుకుని, సీసాలోని నీలం నీళ్లు మోరీలో పారబోసి, అంచుకు పేరుకున్న పొడి గీకి, స్ఫటికాన్ని కూడా బొటనవేలితో రుద్ది, మళ్లీ వెచ్చటి నీళ్లు నింపి వేలాడదీశాయి, సీసాకు కుంకుమ బొట్టు కూడా పెట్టాయి, ఆ బొట్టు ఇప్పుడు అనూహ్య వేలికి అంటుకుంది.

కడిగినవా, గిదేమన్న చాయ్ గిన్నెనా అంటోంది అనూహ్య, మెట్ల మీంచి బావ తొంగిచూసి మన నవనీత స్ఫటికానికి తలంటు పోసిందా అన్నాడు, ఎవరూ నవ్వలేదు, అత్తమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి పోనీ తియ్ బిడ్డా, కోఠిల దొర్కదా, మామతోని తెప్పిస్త అంది, కొంటే దొరికేది పొడి, ఇది పెరగాల్సింది, సమ్మె అని బడి మూసి ఎగ్జిబిషన్ వెనక్కి పోయిన కొద్దీ పెరిగింది, బయట ర్యాలీలు, లోపల సీసాలో ఇది ఒక్కో అంచూ దిద్దుకుంటూ, సైన్సు చెప్పే నళిని మేడం రోజూ ఫోనులో ఎంతైంది అని అడిగేది, ఆ మేడమే, వచ్చేవాళ్లకు తెలుగులో చెప్పడానికి అనూహ్య పక్కన తెలుగు మీడియం పిల్ల ఒకరు ఉండాలంది, సంతృప్త ద్రావణమంటే ఏంటని వెనక బెంచీలోంచి నవనీతను లేపింది, తను లేచి ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పింది, ఒక నిర్దిష్ట ఉష్ణోగ్రత వద్ద ఇక ఏమాత్రం ద్రావితాన్ని కరిగించుకోలేని ద్రావణాన్ని సంతృప్త ద్రావణం అంటారు, చప్పట్లు కొట్టారు, చదువుకని చిక్కడపల్లిలో మామయ్యింటికి వచ్చాక తన పేరు ఎవరో గట్టిగా పిలిచింది ఆ ఒక్కరోజే, రేపు ఎగ్జిబిషన్ బల్ల పక్కన నిలబడకపోతే మళ్లీ వెనక బెంచీయే, మళ్లీ ఊరునుంచి వచ్చిన పిల్లే.

అనూహ్య సీసా దించింది, సంతృప్త ద్రావణం అంటే ఏందో మేడం ముంగట నువ్వే కదనే చెప్పింది, నువ్వు మోరీల పోసింది గదే, అంది, అంతవరకూ ఏడుపు రాలేదు, ఇప్పుడొచ్చింది, అంటే ఆ మాటకు రంగుందా, చేతికంటుతుందా, అంచుకు పొడి కడుతుందా, పొలానికి నాన్న తెచ్చే మైలుతుత్తమే పుస్తకంలో కాపర్ సల్ఫేటని కూడా ఇక్కడికొచ్చాకే తెలిసింది, ఇంకా ఎన్ని మాటలు అలా లోపల పేర్చి పెట్టుకుందో, అనూహ్య అడుగుతోంది, నిజం చెప్పు, కరుగుతున్నట్టు నీకు తెల్వనే తెల్వదా, నవనీత తల అడ్డంగా ఊపింది, అయితే రేపు నా పక్కన వద్దు, నేనే మేడంకు చెప్త, అంది అనూహ్య.

తెలియదు, నిజంగానే తెలియదు, పొద్దున తెలియదు, కానీ మధ్యాహ్నం అన్నం తిన్నాక ఒకసారి చూద్దామని వచ్చినప్పుడు, స్ఫటికం అడుగునుంచి నీలం పోగులు సన్నగా దిగుతున్నాయి, నీళ్లు కదలడం లేదు, అవి మాత్రం దిగుతున్నాయి, పొగయితే పైకి పోతుంది, ఇవి మెల్లగా, వంకర్లు పోతూ కిందికి, కింద నీలంగా పరుచుకుంటున్నాయి, కరుగుతోంది అని అప్పుడే తెలిసింది, చెయ్యి దారం దాకా వెళ్లింది, వెళ్లి ఆగింది, ఇంకొక్క పోగు చూసి తీద్దాం, ఇంకొక్కటి, బల్లకు గడ్డం ఆనించి ఎంతసేపు కూర్చుందో, ఇన్నేళ్లు చదివినదాంట్లో కళ్లముందు జరిగింది అదొక్కటే, అనూహ్యది పోతోందని తెలుసు, రేపు తను నిలబడాల్సిందీ పోతోందని తెలుసు, అయినా తియ్యలేదు, మరిచిపోయి కాదు, భయపడి కాదు, చూడాలని, అది చివరిదాకా చూడాలని, ఆ మాట చెప్పడానికి నోరు తెరిచేసరికి అనూహ్య తలుపు వేసేసింది.