పదకొండు గంటల జ్వరం

పొద్దున ఏడింటికి పాపకి చెంచాడు జ్వరం మందు తాగించి, జడలు వేశాను. వేస్తుంటే మెడ వేడిగా చేతికి తగిలింది. ఎనిమిదిన్నరకి బడి గేటు దాటేలోపు ఆ వేడి దిగిపోతుందని నాకు తెలుసు. దిగినది మళ్ళీ ఎప్పుడు ఎక్కుతుందో కూడా తెలుసు. ఆ బడిలో నర్సుని నేనే.

అంతకుముందే మా ఆయన్ని అడిగాను. పాపకి నూటొకటి ఉంది, ఇవాళ ఒక్కరోజు సెలవు పెడతారా అని. ఆయన బూట్లు తుడుచుకుంటున్నాడు. "సెలవా? మా మేనేజరు ముందు నోరెత్తగలమా? నీకేం, ఎలాగూ బడిలోనే ఉంటావు. పిల్ల నీ కళ్ళెదుటే ఉంటుంది," అన్నాడు. నా కళ్ళెదుట నాలుగు వందల పన్నెండుమంది ఉంటారు. ఆ సంగతి అనలేదు, అన్నా రెండో బూటు తుడవడం ఆపడు. అత్తగారు గదిలోంచి, "నర్సు ఇంట్లో జ్వరమంటే నలుగురూ నవ్వుతారు, ఎక్కడా అనకు," అన్నారు. లేచి నిలబడాలంటే ఆవిడ గోడ పట్టుకోవాలి. పిల్లని చూసుకోమని ఆవిడని అడగలేను. ఇక మిగిలింది మందు సీసా.

చుట్టుపక్కల బడులన్నిటికీ ఫ్లూ పట్టుకుని ఇవాళ్టికి పదకొండో రోజు. గేటు దగ్గర ప్రతి పిల్ల నుదురూ చూడాలని, వేడి ఉంటే ఇంటికి పంపెయ్యాలని పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. తుపాకీలాంటి ఆ థర్మామీటర్ ఎత్తితే పిల్లలు చేతులు పైకెత్తి లొంగిపోతారు. వాళ్ళకదో ఆట. మొదటి మూడు రోజులూ గేటు దగ్గరే పాతిక మందిని ఆపాను. నాలుగో రోజు నుంచి ఒక్కరూ ఆగలేదు. ఎవరిని చూసినా తొంభై ఎనిమిదే. "తగ్గుముఖం పట్టిందమ్మా," అని హెడ్మాస్టర్ గారు పొంగిపోయి పై ఆఫీసుకి ఫోన్ కూడా చేశారు. పదకొండయ్యేసరికి మాత్రం సిక్ రూమ్‌లో మంచాలన్నీ నిండిపోయేవి. థర్మామీటర్ చెడిందేమోనని బ్యాటరీలు మార్చాను. చివరికి ఒకటో తరగతి పిల్ల, మంచం మీద కళ్ళు మూసుకునే, "సిస్టర్, మా అమ్మ మందు పోసిందని మీకు చెప్పొద్దంది," అంది.

"మరి చెప్పేశావేంటే?"

"నేను నిద్రపోతున్నాగా," అంది.

ఆ సంగతి ఆరోజే రిపోర్టులో రాశాను. రాయడం నా పని. దాని ఫలితం ఇవాళ పదింటికి పై ఆఫీసు కాగితమై హెడ్మాస్టర్ గారి చేతిలో వచ్చింది. మందు పోసి పంపిన తల్లుల జాబితా నాలుగింటికల్లా తయారు కావాలట. గేటుకి అంటించాలట. "బాధ్యత లేని తల్లులు" అని పైన శీర్షిక కూడా వాళ్ళే వేసి పంపారు. కింద మూడు గడులు. పిల్ల పేరు, తరగతి, తల్లి పేరు.

మందు పోశామని ఒప్పుకున్నవాళ్ళు పద్దెనిమిదిమంది. పేర్లు నాకు కొత్తగా వెతకాల్సిన పని లేదు. ఈ పదకొండు రోజులూ ఫోన్లు చేసింది నేనే, చేసింది తల్లులకే. ఎవరూ అలా చెయ్యమని చెప్పలేదు. రిజిస్టర్లో తండ్రి నంబరూ ఉంటుంది, ముందు అదే ఉంటుంది. అయినా వేలు దాన్ని దాటుకుని పక్క నంబరు మీదికి పోతుంది. నిన్న కుట్టు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకావిడకి చేస్తే, వెనక మిషన్ల హోరు మధ్య, "రేపు కూడా మానేస్తే ఎల్లుండి నుంచి రానక్కర్లేదన్నారు సిస్టర్. మందు పోసిన మాట నిజమే. మీరైతే ఏం చేసేవారు?" అంది. పిల్లకి నీళ్ళు ఎక్కువ తాగించమని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఏం చేసేదాన్నో ఇవాళ పొద్దున ఏడింటికి తేలిపోయింది.

పదకొండూ పదికి మా పాప గుమ్మంలో నిలబడింది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. నూట రెండు. కిటికీ పక్క మంచం మీద పడుకోబెట్టి తడిగుడ్డ వేస్తుంటే, "తగ్గిపోయిందన్నావు కదమ్మా," అంది. తప్పు పట్టడం కాదు, అడిగింది అంతే. హెడ్మాస్టర్ గారు అప్పుడే వచ్చి చూశారు. "మీ పాప కూడానా?" అని, అటూ ఇటూ చూసి, "మీ సంగతి వేరులెండి. మీరు మన మనిషి. మీ పేరు రాయక్కర్లేదు," అన్నారు. ఆ మాటలో దయ ఉంది. నేను ఆయన మనిషినైతే మిగతా పద్దెనిమిదిమంది ఎవరి మనుషులో ఆయన ఆలోచించి ఉండరు.

బల్ల దగ్గర కూర్చుని పద్దెనిమిది పేర్లూ రాశాను. పంతొమ్మిదోది రాస్తే ఏమవుతుందో తెలుసు. గేటు దగ్గర పట్టుకోవాల్సిన మనిషే దొంగదారి పట్టిందంటారు. ఉద్యోగం ఉండొచ్చు, ఊడొచ్చు. రాయకపోతే ఏమవుతుందో అదీ తెలుసు. రేపు పొద్దున ఆ పద్దెనిమిదిమంది తమ పేర్లు చూసుకుంటూ లోపలికి వస్తారు, ఆ పేర్ల పక్కనే నేను థర్మామీటర్ పట్టుకుని నిలబడాలి. రాయాల్సిందే. రాసేముందు ఆ కాగితంలో ఒకటి తక్కువైనట్టు అనిపించింది. స్కేలు తీసుకుని నాలుగో గడి గీశాను. "తండ్రికి ఫోన్ చేస్తే ఏమన్నారు."

"అది వాళ్ళు అడగలేదు కదమ్మా," అన్నారు హెడ్మాస్టర్ గారు.

"లేదండి," అన్నాను. ఆయన గంట కొట్టించాలని వెళ్ళిపోయారు.

వరసగా చేశాను. ఒకాయన రాంగ్ నంబరన్నాడు. పిల్ల పేరు చెబితే, "ఓ, మా అమ్మాయా! వాళ్ళమ్మ నంబరు ఇస్తా రాసుకోండి," అన్నాడు. ఇంకొకాయన, "రెండో తరగతా? మూడు కాదూ?" అని నాతోనే వాదం పెట్టుకున్నాడు. బస్సు నడుపుతున్నాను మేడమ్ అన్నాయన మాత్రం నిజంగానే నడుపుతున్నాడు, హారన్ వినిపించింది. ఒకాయన, "జ్వరమైతే నాకెందుకు చెప్తున్నారు, నేను డాక్టర్నా?" అన్నాడు. వస్తున్నానని పది నిమిషాల్లో వచ్చినాయన కూడా ఒకడున్నాడు. కొడుకుని భుజాన వేసుకుని, ఇంతవరకూ బడి నుంచి తనకెవరూ ఫోన్ చెయ్యలేదన్నాడు. ఆ మాట కూడా ఉన్నదున్నట్టు రాశాను. అది నా మీద పడే మాటే.

పద్దెనిమిదో ఫోను అయ్యేసరికి నా గొంతు పూర్తిగా బొంగురుపోయింది. మాస్కు తియ్యకుండానే పంతొమ్మిదో నంబరు నొక్కాను. బడి ఫోన్లోంచి ఆయనకి చెయ్యడం అదే మొదటిసారి.

"స్కూల్ నుంచండి. మీ పాపకి జ్వరం ఎక్కువగా ఉంది. వచ్చి తీసుకెళ్ళాలి," అన్నాను.

"అక్కడ నర్సు వాళ్ళమ్మే మేడమ్," అన్నాడు ఆయన. "పక్క గదిలోనే ఉంటుంది, కాస్త చెప్పండి."

ఆయన గుర్తుపట్టలేదు. నేనే అని చెప్పబోయాను. ఈలోపు ఆయన గొంతు తగ్గించి, పరాయి మనిషితో మర్యాదగా, "ఆవిడదే పొరపాటండి. మందు పోసి పంపొద్దని పొద్దున్నే చెప్పాను. నర్సు అయ్యుండి కూడా వినదు," అన్నాడు.

కలం చేతిలోనే ఉంది. ఆయన అన్నది అన్నట్టు నాలుగో గడిలో రాశాను. కోపం రాలేదు. రాస్తున్నప్పుడు అక్షరాలు కూడా వంకర పోలేదు.

"ఆవిడకి ఖాళీ లేదండి," అన్నాను. "ఒంటిగంటలోపు మీరే రావాలి."

"సరే మేడమ్. మేనేజరుకి చెప్పి బయల్దేరతాను," అన్నాడు.

అంతే. ఎవరో తెలియని మేడమ్ ఒక్కమాట అంటే ఆ మేనేజరు ముందు నోరు లేచింది. పొద్దున భార్య అడిగిందీ ఇదే. ఫోన్ పెట్టేసి, మూడో గడిలో నా పేరు రాశాను, ఇంటిపేరుతో సహా.

ఒంటిగంటకి పది నిమిషాలుందనగా వచ్చాడు. విసుగ్గా ఉన్నాడు. "ఎవరావిడ, ఆఫీసులో? నీకు చెప్పమంటే ఖాళీ లేదంటుందేంటి? అంత పొగరేంటి?" అంటూనే పాప సంచీ కోసం బల్ల మీదికి వంగాడు. అక్కడ కాగితం ఉంది. ముందు శీర్షిక చదివాడు. తర్వాత పాప పేరు. తర్వాత నాలుగో గడి. నా చేతిరాత ఆయనకి తెలుసు. చదివిందే మళ్ళీ చదివాడు. మెడ మీద నుంచి చెవుల దాకా ఎర్రబడింది.

"ఇది... ఎక్కడ పెడతారు?" అన్నాడు.

"గేటుకి. నాలుగింటికి."

పాప మంచం మీంచి చూస్తోంది. ఆయన నాకు దగ్గరగా వచ్చి, "ఈ ఒక్కమాట కొట్టెయ్యరాదూ?" అన్నాడు. పదకొండేళ్ళ కాపురంలో ఆయన నన్ను ఏదైనా అడిగినట్టు అడగడం అప్పుడే విన్నాను.

"పక్క గడిలో నా పేరుంది. అదీ కొట్టెయ్యలేదు," అన్నాను. "పాప ఐదు రోజులు ఇంట్లోనే ఉండాలి. సెలవు మీరు పెట్టండి. నాకిక్కడ పనుంది."