ఉప్పు కలిపిన ఐసు

మే నెల నడిమికొచ్చేసరికి ఫోను మోగితే చాలు, కుసుమకుమారికి గుండె జారిపోయేది. నర్సుల వాట్సాప్ గ్రూపులో పొద్దున ఒక మాట, సాయంత్రం ఇంకో మాట. కరోనా టీకా మొదటి డోసుకీ రెండో డోసుకీ మధ్య ఎడం పెంచారని ఒకరు పెడితే, కొత్త రకం వైరస్సు చిన్నపిల్లల్ని కూడా వదలదట అని మరొకరు. ఆ వార్తల మధ్య ఉన్నట్టుండి ఎవరో ఒక నర్సు ఫొటో, దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. తెలిసిన ముఖమేమోనని భయపడుతూ తెరవడం, కాకపోతే హమ్మయ్య అనుకోవడం, అలా అనుకున్నందుకు సిగ్గుపడటం ఆమెకు రోజూ ఉండే పనే అయిపోయింది.

శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డునున్న మొగపేట నర్సుగా ఆమె చూడాల్సిన ఊరు. ఆమెది కోటబొమ్మాళి దగ్గర వరి పండించుకునే ఇల్లు. చేపల వాసనకు అలవాటు పడటానికి ఏడాది పట్టింది గానీ, మొగపేట వాళ్ల మొండితనానికి మాత్రం ఇంకా అలవాటు పడలేదు. ఉగాదికి ముందునుంచీ టీకా వేయించుకోండని ఇల్లిల్లూ తిరిగి గొంతు పోగొట్టుకుంది. ఒక్కరంటే ఒక్కరు కదల్లేదు. సూది పడితే తెడ్డు వేసే చెయ్యి చచ్చుబడిపోతుందని పేటలో జోగయ్య అనే జాలరి ప్రచారం. జోగయ్యకు ఎవరు చెప్పారంటారా? ఆయనకు ఒకరు చెప్పాలా!

చివరికి తాయారు మెత్తబడింది. తాయారు చేపల వ్యాపారం చేస్తుంది. పేటలో ఆడవాళ్లంతా ఆమె మాట మీదే నడుస్తారు. మగవాళ్లూ నడుస్తారు గానీ పైకి ఒప్పుకోరు. విజయనగరంలో ఉండే ఆమె తమ్ముడు ఆ మధ్యే ఆక్సిజన్ అందక పోయాడు. ఆఖరి చూపు కూడా దక్కలేదు. ఇప్పుడు ఆమె బెంగంతా మొగుడు కూర్మయ్య గురించే. ఆయనకు ముందునుంచీ ఆయాసం.

“ముందు మా మావకి ఎయ్యి నర్సమ్మా. ఆయన ఏసుకున్నాడంటే పేటంతా ఏసుకుంటాది. ఆయనకేటైనా అయితే నాను బతకనేను” అంది.

అనుకున్న రోజున కుసుమ టీకా పెట్టె భుజాన వేసుకుని తుపాను షెల్టరుకు చేరింది. పెట్టె ఇస్తూ ఆస్పత్రి డాక్టరు యుగంధర్ ఒకటికి రెండుసార్లు చెప్పాడు, ఒక్క చుక్క కూడా వృథా కాకూడదని, స్టాకు మళ్లీ ఎప్పుడొస్తుందో తనకే తెలియదని. ఆ పెట్టెలో పెట్టే ఐసు ప్యాకులు రాయిలా ఉండకూడదు. కొంచెం కరిగి, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించాలి. మందు చల్లగానే ఉండాలి, కానీ గడ్డకట్టకూడదు. గడ్డకట్టిందంటే ఇక అది పనికిరాదు.

షెల్టరు అప్పటికే నిండిపోయింది. తాయారు పేటలో సగాన్ని లాక్కొచ్చి కూర్చోబెట్టింది. జోగయ్య కూడా వచ్చాడు, ఊరికే చూసిపోవడానికట. లేనిది ఒక్క కూర్మయ్యే.

“వల బాగుసేసుకోవాలని పొద్దున్నే ఎలిపోనాడు. నామాట ఇనడు. నువ్వే ఎల్లి తీసుకురా” అంది తాయారు.

కూడా ఉండాల్సిన ఆశా కార్యకర్త జ్వరంతో ఇంట్లో పడుకుంది. కుసుమ పెట్టెను తాయారుకే అప్పగించింది.

“అప్పా, దీన్ని నీడలో ఉంచు. ఏడి తగలనీకు. ఏడెక్కితే మందు పాడైపోతాది.”

అంత మాత్రమే చెప్పింది. మిగతా సగం చెప్పాలని ఆమెకు తోచనే లేదు.

చేపల వేట నిషేధం రోజులు కావడంతో పడవలన్నీ ఇసుక మీదే ఉన్నాయి. చిట్టచివరి పడవ నీడలో కూర్మయ్య దొరికాడు. ఎంత బతిమాలినా వల మీంచి తల ఎత్తలేదు. ఆమెకు విసుగొచ్చి ఇసుకలోనే చతికిలబడింది. అప్పుడు నోరు విప్పాడు.

“సెయ్యి పడిపోతాదని కాదమ్మా. మా బావమరిది ఆస్పత్రికి ఎల్లినోడు మరి రానేదు. ఆ ఆస్పత్రి మందంటేనే గుండెలు అదిరిపోతన్నాయి.”

“నాకూ బయమే బావా. నానూ ఏసుకున్నాను. సూడు, ఈ సెయ్యే.”

ఆమె చేతిని ఆయన చాలాసేపు చూశాడు. లేచి ఇసుక దులుపుకున్నాడు. జ్వరముందేమోనని కుసుమ ఆయన నుదురు ముట్టి చూసింది. చల్లగానే ఉంది. ఎండ బాగా ముదిరాక ఇద్దరూ షెల్టరుకు తిరిగొచ్చారు.

తాయారు గుమ్మంలోనే ఎదురొచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

“నీ ఐసు కరిగిపోనాది నర్సమ్మా! పెట్టె ఊపితే లోపల నీళ్లే. నాను సూస్తా ఊరుకుంటానేటి?”

అప్పటికప్పుడు ఐసు తెప్పించి నింపిన తన థర్మోకోల్ పెట్టె మూత తీసి చూపించింది. నిండా నలగ్గొట్టిన ఐసు, దాని మీద దట్టంగా ఉప్పు. కోనాం చేపల్ని దూరం పంపేటప్పుడు చేసే ఏర్పాటది. ఆ ఐసు అడుగున మందు సీసాలు.

“ఉప్పేస్తే మరింత సల్లగుంటాది. మా సరుకు రాయిలాగ ఉంటాది, తెలుసా!”

కుసుమ ఒక సీసా పైకి తీసింది. లోపల మందు తెల్లగా బిగుసుకుపోయింది. రెండోదీ అంతే. మిగతావీ అంతే. చేతి వేడికి సీసాలో గడ్డ కరగడం మొదలుపెట్టింది. ఇంకాసేపైతే మంచి మందుకీ దీనికీ కంటికి తేడా తెలియదు.

“ఏటయ్యింది?” తాయారు గొంతు తగ్గించింది. “కరిగిపోతాది కదా? సేపని కరిగించుకుని తినమేటి?”

కుసుమ పక్కకు వెళ్లి డాక్టరుకు ఫోను చేసింది. “వాడొద్దమ్మా. వెనక్కి తెచ్చెయ్” అన్నాడాయన. మళ్లీ ఎప్పుడిస్తారని అడిగితే, “గ్రూపు చూడట్లేదా? జిల్లాకే రావట్లేదు” అని పెట్టేశాడు.

లోపల కూర్మయ్య చొక్కా చెయ్యి పైకి మడిచి, కళ్లు గట్టిగా మూసుకుని కుర్చీలో కూర్చున్నాడు. పేటంతా ఆ చెయ్యి వైపే చూస్తోంది. ఇవాళ పంపేస్తే వీళ్లు మళ్లీ రారు. వేసేస్తే ఎవరికి తెలుస్తుంది? ప్రాణానికి ముప్పేమీ ఉండదు. ఉత్త నీళ్లు పొడిచినట్టే. కానీ టీకా పడిందన్న ధీమాతో ఈ మనిషి మాస్కు పారేసి, ఆ ఆయాసంతోనే రేవంతా తిరుగుతాడు. ఆమె లోపలికి నడిచింది.

“మందు గడ్డకట్టి పాడైపోనాది” అంది అందరికీ వినబడేలా. “ఇది పొడిస్తే పని సెయ్యదు. తప్పు నాది. పెట్టె వొగ్గేసి ఎల్లినాను. గడ్డకట్టకూడదని ఎవలికీ సెప్పనేదు.”

“సూసినారా!” జోగయ్య లేచాడు. “పాడైపోయిన మందులన్నీ మన నెత్తినే...”

“నోరు ముయ్యి జోగయ్యా! పాడు సేసింది నాను. ఉప్పైసులో కప్పెట్టింది నాను” అని తాయారు గయ్యిమంది.

 వెనకనుంచి ఎవరో, “తాయారప్ప మందుని కోనాం సేప అనుకున్నాది” అన్నారు. షెల్టరంతా ఒకటే నవ్వు. కూర్మయ్య కూడా నవ్వుతూ చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాడు. గండం తప్పించుకున్నట్టున్న ఆ ముఖం చూస్తే కుసుమకు ఏడుపొచ్చింది. తాయారు మాత్రం నవ్వలేదు.

మర్నాడు పొద్దున్నే కూర్మయ్యకు జ్వరం వచ్చింది. తర్వాత ఆయాసం ముదిరితే అంబులెన్సులో శ్రీకాకుళం తీసుకెళ్లారు. కుసుమ ఫోను చేతిలోంచి దించలేదు. ఆక్సిజన్ పెట్టారంటే ఊపిరి పీల్చుకుంది, ఇంకా పెంచారంటే ముద్ద దిగలేదు. వారం తిరిగేసరికి ఆయన పోయాడు.

జూన్‌లో స్టాకు వచ్చింది. మొగపేట వెళ్లాలంటే ఆమెకు కాళ్లు రాలేదు. షెల్టరు ఖాళీగా ఉంటుందనుకుంది. జనం మెట్లదాకా బారులు తీరి ఉన్నారు. జోగయ్య కూడా వరసలోనే ఉన్నాడు.

“ఆ రోజు నువ్వా సూది ఏసుంటే, కూర్మయ్యని సూదే సంపేసినాదని నీ సెంటరు పీకి పందిరేసేవోలం” అన్నాడు ఆమె వైపు చూడకుండా. “పాడైపోనాదని నువ్వే సెప్పినావు. అందుకే వచ్చినాం.”

ముందు తాయారు కూర్చుంది. కుసుమ సూది తీయబోతుంటే మణికట్టు పట్టుకుంది.

“ఒక్క మాట సెప్పు. ఆ మందు నాను ఐసులో ఎట్టకపోతే మా మావ బతికేవోడా?”

కుసుమ అదే మాట డాక్టరును ఎన్నోసార్లు అడిగింది. “లేదప్పా. మర్నాడే జరం వచ్చినాది. అప్పటికే రోగం ఒంట్లో దూరిపోనాది. మందు పని సెయ్యడానికి వారాలు పడతాది. ఆ రోజు ఏసినా ఆగేది కాదు.”

“నన్ను ఊరుకోబెట్టడానికి అనట్నేదు కదా?”

“లేదప్పా.”

తాయారు చెయ్యి వదల్లేదు.

“మరి ఉగాది ముందు, నువ్వు మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు? నాను గుమ్మంలోంచే పొమ్మన్నాను సూడు, ఆ రోజు ఏయించుంటే?”

 ఏమీ కాదు, అప్పుడు కూడా ఆగేది కాదు అని చెప్పేస్తే చాలు, ఈ మనిషి ఇవాళ కంటినిండా నిద్రపోతుంది. పక్కన జోగయ్య వింటున్నాడు. వరసంతా వింటోంది.

“బతికేవోడేమో అప్పా” అంది కుసుమ.

తాయారు తల ఊపింది. మణికట్టు వదిలేసి, జాకెట్టు చెయ్యి పైకి జరుపుకుంది. కళ్లమ్మట నీళ్లు ధారగా కారుతున్నా తుడుచుకోలేదు. వరస వైపు తిరిగి గట్టిగా కేకేసింది.

“ఏటలా సూస్తారు? సొక్కాలు మడవండి!”