రెండు ఖాళీల మాస్టారు

మా మామగారి దృష్టిలో టైపు తప్ప లోకంలో మరో విద్య లేదు. ఆయన ఇన్‌స్టిట్యూట్ మూతపడి ఏళ్లయింది. అయినా ముందు గదిలో ఒక పాత మిషను, దాని పక్కన చెక్క స్కేలు, వాటి వెనక ఆయనగారు. ఇంగ్లీషులో ఫుల్‌స్టాప్ కొట్టాక స్పేస్ బార్ రెండుసార్లు నొక్కాలట. ఒక్కసారి నొక్కేవాడు నిలకడ లేని మనిషట. వీధిలో అందరూ వెనక ‘రెండు ఖాళీల మాస్టారు’ అని నవ్వుకుంటారు. అది ఆయన చెవిన పడింది కూడా. బిరుదనుకుని మురిసిపోయాడు.

మా మరిది పనిచేసే వర్క్‌షాపు మూసేశాక చిన్నకోడలికి ఈ ఇంట్లో ముద్ద మింగుడుపడలేదు. “కూర్చుని తినే నోళ్లు” అని మామగారు రోజూ గోడకు చెప్పినట్టు అనేవాడు. అంతలో కోర్టులో టైపిస్టు ఉద్యోగానికి ప్రకటన పడింది. అది వస్తే ఒక అద్దె గది, సొంత పొయ్యి, ఎవరిచేతా మాట పడకుండా తినే అన్నం. వయసు దాటిపోతోంది కాబట్టి ఆమెకు అదే ఆఖరి పరీక్ష.

వాక్యం తర్వాత ఒకే ఖాళీ ఉండాలి, రెండోది పడితే తప్పు కింద లెక్క, దిద్దేది కంప్యూటరు అని ప్రకటనలో స్పష్టంగా ఉంది. నేనే ఆయనకు చదివి వినిపించాను.

“అది రాసినవాడికి అసలు టైపు వచ్చా?” అన్నాడు.

“రాకపోయినా ఉద్యోగం ఇచ్చేది వాళ్లే కదా మామయ్యా.”

“నీకు తెలియని వాటిలో తలదూర్చకు.”

ఆనాటి నుంచి ఆమె ఆ పాత మిషను మీద సాధన చేస్తుంటే కుర్చీ వెనకే కాపు కాశాడు. రెండో చప్పుడు వినపడకపోతే స్కేలు బల్లమీద ఠపీమని పడేది. ఆయన మధ్యాహ్నం కునుకు తీస్తున్నప్పుడు నేను పక్కన కూర్చుని ఒక్కసారే నొక్కించేదాన్ని. ఏం లాభం, బుర్రకెక్కింది గానీ బొటనవేలికి ఎక్కలేదు. తండ్రి ముందు నోరు పెగలని వీరులు, మా ఆయనా మరిదీ, పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

పరీక్షలో అందరికన్నా వేగం ఆమెదే. అందరికన్నా ఎక్కువ తప్పులూ ఆమెవే. దిద్దిన కాగితం చేతికిచ్చి పంపేశారు.

“ఒక్కటే, ఒక్కటే అనుకుంటూనే కొట్టానక్కా. ఆ స్కేలు చప్పుడు చెవుల్లోంచి పోలేదు,” అంది.

మామగారు కాగితం లాక్కుని, కళ్లజోడు తుడుచుకుని, ఎర్ర గుర్తులన్నీ వేలితో తడుముతూ చదివాడు. పొరపాటు చేశానని ఒక్క మాటైనా అంటాడేమోనని చూశాను, నా పిచ్చిగానీ. ఆయన ముఖం వెలిగిపోయింది.

“ఒక్కచోట కూడా రెండోది వదల్లేదు. అదీ నా శిక్షణ.”

సాయంత్రం పక్కింటి ముసలాయన వస్తే అదే కాగితం తీసి చూపించాడు. చిన్నకోడలు టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

“బాగుంది. మరి ఉద్యోగం?” అని అడిగాడు ముసలాయన.

“అది దాని రాత. నేర్పడంలో నా లోపమేమీ లేదు.”

ఆమె గ్లాసులు బల్లమీద పెట్టి వంటింట్లోకి వచ్చింది. ఆ రాత్రి అన్నాలకు అన్ని కంచాలూ వేసి, తనది మాత్రం తీసి పక్కన పెట్టేసింది.

“నాకు ఆకలిగా లేదక్కా,” అంది.