మూడో గొట్టం

ముందుగా క్షమించమని అడుగుతున్నాను. నా అక్షరాలు వంకరగా ఉంటాయి, ఒత్తులు ఒక్కోసారి మరిచిపోతాను. యాభై తొమ్మిదో ఏట పలక పట్టినదాన్ని. ఈ నాలుగు కాగితాలు రాయడానికి రెండు నెలలు పట్టింది. లైబ్రరీ అమ్మాయి తప్పులు దిద్దింది. మాటలు మాత్రం ముట్టుకోవద్దన్నాను.

మా ఆయన సముద్రపు బురదకు కాపలాదారు. నవ్వకండి, అది నిజంగానే ఉద్యోగం. సముద్రం అడుగున ఏముందో పరీక్షించే సంస్థ అది. వాళ్ల ఓడ వెళ్లి బరువైన ఇనుప గొట్టాన్ని నీళ్లలోకి వదిలితే అది అడుగు నేలలో దిగబడుతుంది. పైకి లాగితే, దాని లోపలున్న ప్లాస్టిక్ గొట్టంలో బురద నిండి వస్తుంది. పై కొసన ఉన్నది నిన్న మొన్నటి బురద. కింది కొసన ఉన్నది వేల ఏళ్ల నాటిది. ఆ పొడుగు గొట్టాన్ని మీటరు ముక్కలుగా కోసి, పై కొసకు తెల్ల మూత, కింది కొసకు ఎర్ర మూత బిగిస్తారు. నల్ల మార్కరుతో నంబరు వేసి, పైభాగం ఎటో తెలిసేలా బాణం గీస్తారు. ఆ ముక్కల్నీ గొట్టాలనే అంటారు. ఆ తర్వాత అవి కోల్డ్ రూమ్ అరల్లో పడుకుంటాయి.

ఆ గది తాళం మా ఆయన మొలకు వేలాడేది. చదువుకోడానికి వచ్చే పిల్లలు ఆయన్ని బురద బాబాయి అనేవాళ్లు. ఆ లెక్కన నేను పిన్నిని. ఆయన నోట్లో వేలు పెడితే కొరకలేని మనిషి. ఎంత సబ్బు రుద్దినా చేతులు కుళ్లిన గుడ్ల కంపు కొట్టేవి. నేను ముక్కు మూసుకుంటే, "మూడు వేల ఏళ్ల నాటి వాసనే ఇది, ఊరికే దొరుకుతుందా?" అనేవాడు. నాకు అక్షరాలు నేర్పుతానని ఎన్నోసార్లు పలక తెచ్చి ముందు పెట్టాడు. గిన్నెలు తోముకునేదానికి అక్షరాలెందుకని నేనే తోసేశాను.

సంస్థలో ఒక పెద్ద సైంటిస్టు ఉండేవాడు. ఒకప్పుడు తీరాన్ని ముంచిన పెద్ద అలల ఆనవాళ్లు బురదలో వెతికేవాడు కాబట్టి అలల సారు అని పేరు పడింది. ఒక పొడుగు గొట్టంలోని మూడో ముక్కను నిలువునా చీల్చి, అందులోని గవ్వల వయసు కట్టించాడు. కొత్త గవ్వలు కింద, పాత గవ్వలు పైన ఉన్నాయట. మహా అల వచ్చి సముద్రం అడుగును తిరగదోడిందని ప్రకటించాడు. పేపర్లలో ఫోటో వేశారు. రెండేళ్లకు ఇంకో దేశం వాళ్లు అదే చోట గొట్టం దింపితే అల జాడే లేదు. అప్పుడు తీసి చూస్తే మూడో ముక్క తలకిందులుగా ఉంది. వచ్చిన మహా అల అంతా ఆ ఒక్క మీటరులోనే.

విచారణ చేశారు. మూతలు తిప్పి పెట్టింది స్టోరు సహాయకుడని, అంటే మా ఆయనేనని తేల్చి రిజిస్టరులో రాశారు. తాళం తీసుకుని, మా ఆయన్ని గేటు దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టారు.

నేను ఊరుకోలేదు. ఏం జరిగిందని రోజూ పీక్కుతిన్నాను. "ఓడ మీదే జరిగుంటుంది. వదిలెయ్యవే," అన్నాడు. ఓడ మీద జరిగినదాన్ని నువ్వెందుకు నెత్తిన వేసుకున్నావు, నోరు పడిపోయిందా అని దులిపాను. ఆయన తన అరచేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. ఒకసారి మా అక్కావాళ్లు ఇంటికొస్తే, అందరి ముందూ అన్నాను: "ఈయనకి బురద కూడా తిన్నగా పెట్టడం రాదు." అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు, టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లాడు.

గేటు దగ్గర నాలుగేళ్లు కూర్చున్నాక గుండె ఆగి పోయాడు. నాకు అక్కడే ఊడ్చే పని ఇచ్చారు. అప్పటికి అలల సారు డైరెక్టరయ్యాడు. ఆయన గది ముందు ఊడ్చేటప్పుడల్లా నా ఒళ్లు మండేది. వీళ్ల తప్పును నోరులేనివాడి మీదకు నెట్టారని నా నమ్మకం. ఆ రిజిస్టరు నా కళ్లతో చదవాలి, మా ఆయన పేరు మీది మచ్చ కొట్టేయించాలి అని పట్టు పట్టాను. పని అయ్యాక లైబ్రరీ అమ్మాయి మాలాంటివాళ్లకు అక్షరాలు చెప్పేది. అందులో చేరాను. ముసలిదాని ముచ్చట్లు చూడండని క్యాంటీన్ వాళ్లు ఆడిపోసుకున్నారు. అచ్చు అక్షరాలు ఏడాదిలో వచ్చాయి. మనుషులు చేత్తో గిలికింది చదవడానికి ఇంకో అయిదేళ్లు పట్టింది.

పోయిన ఏడాది స్టోరుకు కొత్త మేడమ్ వచ్చింది. అరలు చాలడం లేదని, పాత గొట్టాలు, పాత రిజిస్టర్లు నెలాఖరుకు బయట పడేస్తున్నామని చెప్పింది. ఇంక ఆగితే లాభం లేదని వెళ్లి అడిగాను. ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసి, బీరువా తీసి, ఫ్యాను కింద కుర్చీ వేసి మరీ రిజిస్టరు చేతిలో పెట్టింది.

వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుని చదివాను. విచారణ కాగితానికి ముందు రోజువారీ పేజీలున్నాయి. అందులో మా ఆయన గుండ్రటి చేతిరాత కనబడింది.

"మూడో గొట్టం కారుతోంది. మూతలు తీసి, కడిగి, మళ్లీ పెట్టాను. గొట్టం తుడిచాను."

కింద సంతకం, తేదీ. ఆ తేదీ దగ్గర నా వేలు ఆగిపోయింది. అది మా అమ్మాయి స్కూలు ఫలితాలు వచ్చిన రోజు. ఆ రోజు మా ఆయన అసలు మంచం దిగలేదు. ఒళ్లు కాలిపోతోంది.

కోల్డ్ రూమ్ యంత్రం అంతకు ముందు రెండుసార్లు ఆగింది. గది వేడెక్కితే బురద పాడవుతుందని ఆయన భయం. తాళం నా చేతికిచ్చి, గోడ మీద వేడి కొలిచే మీటరు ముల్లు ఎర్ర గీత దాటిందేమో చూసి, దేన్నీ ముట్టుకోకుండా వచ్చెయ్యమన్నాడు. భోజనాల వేళ కావడంతో నన్నెవరూ చూడలేదు. ముల్లు గీత దాటలేదు. కాని ఒక గొట్టం కారుతోంది. కంపు. నా చేతులు ఊరుకోలేదు. మూతలు రెండూ ఊడబీకి బకెట్లో కడిగాను. గొట్టం మీద నల్లగా ఏవో పిచ్చిగీతలుంటే, మరకలనుకుని అక్కడున్న స్పిరిట్‌తో రుద్ది తళతళలాడించాను. మూతలు మళ్లీ బిగించాను. ఒకటి తెలుపు, ఒకటి ఎరుపు. నాకవి రెండు మూతలు, అంతే.

ఇంటికొచ్చి గొప్పగా చెప్పాను. ఆయన లేవబోయి, "ఏ మూత ఎటు పెట్టావే?" అన్నాడు.

"గట్టిగానే పెట్టాలే, ఊడవు," అన్నాను.

ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. జ్వరం అనుకున్నాను. ఇన్నేళ్లూ జ్వరమనే అనుకున్నాను.

జ్వరం తగ్గి పనిలోకి వెళ్లాక, ఆ పాత తేదీ వేసి తనే చేసినట్టు రాసుంటాడు. పేజీ తిప్పితే, పది రోజుల తర్వాతి తేదీతో ఇంకో వాక్యం ఉంది. "మూడో గొట్టం తిరగబడిందని అనుమానం. తెల్ల మూత వైపు బురద గట్టిగా ఉంది. సారుకు చెప్పాను." దాని పక్కన వేరే చేతిరాత: "చూశాను. సరిగానే ఉంది." సంతకం అలల సారుది. విచారణ కాగితంలో ఈ మాట ఎక్కడా లేదు.

రిజిస్టరు చంకలో పెట్టుకుని డైరెక్టరు గదికి వెళ్లాను. తప్పు నాది, నా పేరు రాయండి, ఆయన పేరు కొట్టేయండి, మీకు ముందే చెప్పాడని కూడా రాయండి అని చెప్పాను. ఆయన కూర్చోమన్నాడు. తన సంతకం మీద వేలు పెట్టి చూశాడు. అప్పుడు తనకు తీరిక లేదని, అయిపోయినదాన్ని తవ్వి లాభం లేదని, ప్రకటించినదాన్ని ఎప్పుడో వెనక్కి తీసుకున్నామని నెమ్మదిగా చెప్పాడు. నేను కదల్లేదు.

"ఆ రోజు నువ్వు లోపలికొచ్చినట్టు రికార్డు లేదమ్మా. రికార్డులో లేని మనిషి మీద తప్పెలా రాస్తాం?"

"ఇప్పుడు నేనే చెబుతున్నాను కదండీ."

"రాస్తే ఏమవుతుందో తెలుసా? బయటివాళ్లకి తాళం ఇచ్చాడని, దొంగ సంతకం పెట్టాడని రాయాలి. ఇప్పుడు అతని మీదున్నది ఒక తప్పు. అప్పుడు రెండవుతాయి. రాయమంటావా?"

మా ఆయన ఎందుకు నోరు మూసుకున్నాడో ఆ గదిలో తెలిసింది. నన్ను కాపాడ్డానికా, ఉద్యోగం కాపాడుకోడానికా అంటే నాకు తెలియదు. రెండూ కావచ్చు. ఇంట్లో నాకైనా చెప్పి ఉండాల్సింది. చెబితే నేను ఏడ్చేదాన్ని, కాని అందరి ముందూ ఆ మాట అనేదాన్ని కాదు. నా నోటికి భయపడి చెప్పలేదో, నేను తట్టుకోలేనని చెప్పలేదో, అడగడానికి మనిషి లేడు.

వద్దులెండి అని రిజిస్టరు బల్ల మీద పెట్టి వచ్చేశాను. డైరెక్టరు లేచి నాకు తలుపు తీసి పట్టుకున్నాడు. అంత మర్యాద మా ఆయనకు ఒక్కరోజు కూడా జరగలేదు.

నెలాఖరున లారీ వచ్చింది. రిజిస్టర్లు మూటలు కట్టి వేశారు. గొట్టాల్లోని బురదను వెనక గోడ దగ్గర కుమ్మరించారు. మూడోది ఏదని అడిగితే ఎవరికీ తెలియలేదు. అంతా ఒకే కుప్ప, ఒకే కంపు. ఆ తర్వాత అక్కడ ఊడ్చింది నేనే.

ఆ పుస్తకంలో నాకు చోటు లేదన్నారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. మూడో గొట్టం మూతలు తీసింది, బాణం చెరిపింది, తలకిందులు చేసింది నేను. మా ఆయన కాదు. తిరగబడిందని కనిపెట్టి చెప్పింది మాత్రం ఆయన.

రాసినది: పిన్ని, బురద బాబాయి భార్య. వయసు అరవై ఆరు. ఇప్పుడు ఉంటున్నది కూతురి ఇంట్లో, మెట్ల కింది గదిలో.