కంచం అంచున

వంగి సుత్తితో చక్రాన్ని కొట్టాడు. ఖంగుమంది. అడుగు ముందుకేసి పక్కదాన్ని కొట్టాడు. అదీ ఖంగుమంది. మంచు ఇంకా విడలేదు. ఆగి ఉన్న గూడ్సుబండి పొడవునా చక్రాలు చెమ్మగిల్లి నల్లగా మెరుస్తున్నాయి.

పొడుగు కర్రకు బిగించిన చిన్న సుత్తి, చొక్కా జేబులో సుద్దముక్క, రెండు చెవులు. ఆయన పనిముట్లు అవే. మంచి చక్రం మోగుతుంది, బీట పడింది మూలుగుతుంది. మూలిగినదాని మీద సుద్దతో ఇంటూ గుర్తు గీసి ముందుకు నడవాలి. బాగున్నదానికి గుర్తు పెట్టే పద్ధతి ఆ పనిలో లేదు.

ఏళ్ల తరబడి ఒకే పక్కకి వంగడంతో ఎడమ భుజం జారిపోయింది. చెవుల్లో నెరిసిన వెంట్రుకలు గుబురుగా పెరిగాయి. మాట తక్కువ. యార్డులో అందరూ ఆయన్ని చెవులాయన అంటారు.

ఇరుసులకు గ్రీజు పెట్టేవాడు డబ్బా ఊపుకుంటూ వెనకే వచ్చాడు.

"ఏంటన్నా, ఇవాళ సుత్తితో కొడుతున్నావా, జోకొడుతున్నావా? చక్రాలు నిద్రపోయేలా ఉన్నాయి."

చెవులాయన నవ్వలేదు. "మధ్యాహ్నం తొందరగా పోవాలి. మేస్త్రీకి చెప్పాను."

"వదినకెలా ఉంది?"

"అలాగే ఉంది."

"తింటోందా?"

"తింటోంది" అని పక్క చక్రాన్ని కొట్టాడు.

తింటోంది, నిజమే. కాకపోతే ఆయన చేత్తో కాదు.

వానలు పడేటప్పుడు ఆవిడ వంటింట్లో గిన్నెతో సహా కుప్పకూలింది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది, గొంతు సగం మూసుకుంది. గట్టిదేదైనా అడ్డం పడుతుందని, నీళ్లగా ఉంటే ఊపిరితిత్తుల్లోకి పోతుందని, వెన్నలా జారేదే పెట్టమని ఆసుపత్రిలో చెప్పి పంపారు. ఆవిడ చెల్లెలు తన ఇల్లు కోడలికి అప్పగించి వచ్చి అక్క మంచం పక్కన మకాం పెట్టింది. చెల్లెలు పెడితే ఆవిడ నోరు తెరుస్తుంది. మొగుడు చెంచా ఎత్తితే పెదాలు బిగించి కిటికీ వైపు చూస్తుంది.

నిన్న సాయంత్రం మరదలు తేల్చి చెప్పింది.

"రేపటికి వ్యాన్ మాట్లాడాను బావా. అక్కని మా ఇంటికి తీసుకుపోతా. నా కొంప అక్కడ వదిలేసి ఎన్నాళ్లని కూర్చోను?"

"నేను చూసుకుంటాను."

"ఏం చూసుకుంటావు? వండటం రాదు, పెట్టటం రాదు. పక్కన కూర్చుని ఎలా మూలుగుతుందో వింటావా?"

"ఇది దాని ఇల్లే" అన్నాడాయన.

మరదలు మెత్తబడింది. "సరే. రేపు వ్యాన్ వచ్చేలోగా నీ చేత్తో వండి, నీ చేత్తో ఒక్కపూట కడుపునిండా తినిపించు. తిందా, వ్యాన్ ఖాళీగా పంపించేస్తా. మాటంటే మాట."

ఇవాళ తెల్లారకముందే లేచి బంగాళాదుంపలు ఉడికించాడు. తొక్క తీసి, చల్లారాక, పాలు పోసి మిక్సీలో తిప్పాడు. మూత తీస్తే గోడలకి కాగితాలంటించే జిగురు తయారైంది. చెంచా పెడితే నిలబడింది, లాగితే సాగింది. మరదలు వేలితో ఎత్తి చూసింది.

"ఇది అక్కకి పెట్టడానికా బావా, అక్క నోరు అంటించడానికా? మాట ఎలాగూ పడిపోయిందిగా. నీకెందుకింత శ్రమ?"

బండి చివరికొచ్చాడు. ఆఖరి చక్రం కూడా బాగానే మోగింది. సుద్దముక్క జేబులోంచి తీయకుండానే ఆ పూట పని అయిపోయింది.

*

ఆ దుంపల వంటని ఆ ఇంట్లో తెల్లముద్ద అంటారు. ఆయన పెళ్లికి ముందు పనివాళ్ల మెస్సులో తిన్నాడు. వెన్నా పాలూ వేసి మెదిపిన దుంపలు, నాలుక మీద పెడితే దానంతటదే దిగిపోయింది. కాపురానికొచ్చిన కొత్తలో అలాంటిది చెయ్యమని ఆవిడకి చెప్పాడు. ఆవిడ దాని ముఖం ఎరగదు. ఎవరెవర్నో అడిగి చేసింది. తింటుంటే చిన్న ఉండ తగిలింది. ఆయన దాన్ని నోట్లోంచి తీసి కంచం అంచున పెట్టి, మిగతాది తిని, చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. ఒక్క మాట అనలేదు.

ఆ తర్వాత అదే అలవాటైంది. ఉండ అయినా, మాడిన పెచ్చు అయినా, ఈనె అయినా, తీసి అంచున వరసగా పెట్టేవాడు. కేకలెయ్యలేదు, కంచం విసరలేదు, చెయ్యెత్తలేదు. పక్కింటి మొగుళ్లతో పోల్చుకుని తాను మంచివాణ్ణని అనుకునేవాడు కూడా. ఆవిడ కంచం తీయడానికొస్తే ముందు చూపు అంచు మీదే పడేది. అక్కడేమీ లేకపోతే పైకి బిగిసిన భుజాలు కిందికి దిగేవి. ఆయన చూసేవాడు. చూసి ఊరుకునేవాడు.

ఒకసారి ఆవిడ అడిగింది, "బాగుందా?" అని.

"అంచు మీద ఏమీ లేదుగా" అన్నాడు.

మళ్లీ అడగలేదు.

*

ఇల్లు చేరేసరికి మరదలు అక్కకి తల దువ్వుతోంది. ముందుగదిలో కిటికీ పక్కన మంచం. ఆవిడ గోడకి చేరగిలబడి ఉంది. నోరు ఒక పక్కకి జారింది. ఎడమచెయ్యి మాత్రం దుప్పటి అంచుని మడతపెడుతూ, విప్పుతూ ఉంది. మంచం మీదే, ఆ చేతి పక్కన బట్టలు సర్దిన సంచి, జిప్ వేసి సిద్ధంగా ఉంది.

"వచ్చాడక్కా మీ ఆయన. ఈసారి సిమెంటు కలుపుతాడో ఏమో" అంది మరదలు.

ఆయన సుత్తి మూలన పెట్టి వంటింట్లోకి వెళ్లాడు. ఇవాళ్టికి ముందు మంచినీళ్లకి తప్ప ఆ గడప దాటి ఎరగడు. ఆవిడ చేతులు ఏం చేసేవో ఎన్నడూ చూడలేదు. కానీ ముందుగదిలో కుర్చీలో కూర్చుని అన్నేళ్లూ విన్నాడు. గూట్లో దుంపలు తీసి కడిగి, తొక్కతోనే నీళ్లలో వేసి పొయ్యి వెలిగించి, కళ్లు మూసుకున్నాడు.

ముందు కుతకుత. తర్వాత నీళ్లు వంచేసిన చప్పుడు. ఆ వెనక ఉఫ్ ఉఫ్ మని ఆవిడ వేళ్లు ఊదుకోవడం. అంటే వేడిగా ఉండగానే తొక్క తీసేది. తర్వాత ఖాళీ గిన్నెలో దుంపలు దొర్లే గడగడ, ముందు తడిగా, పోనుపోను పొడిగా. అంటే మళ్లీ సెగ మీద పెట్టి తడి ఆర్చేది. ఆ తర్వాత సరసరా, చాలాసేపు. అదేమిటి?

గడప దగ్గర మరదలు నిలబడి ఉంది. "ఏంటి బావా, పొయ్యికి దణ్ణం పెడుతున్నావా?"

"వింటున్నాను."

"అక్క మాట్లాడేటప్పుడు వినాల్సింది."

ఆయన కళ్లు తెరిచాడు. తలుపు వెనక మేకుకి జల్లెడ వేలాడుతోంది. మధ్యలో వల కిందికి కుంగి బొజ్జలా ఉంది. పక్కనే చెక్క గరిటె. దాని అంచు ఒక పక్క ఏటవాలుగా అరిగిపోయింది, సబ్బుబిళ్ల అరిగినట్టు. చేతిలో పట్టుకుని తిప్పి చూశాడు. దుంపలు ఉడికాక వేడిగానే తొక్క తీసి, సెగ మీద తడి ఆర్చి, జల్లెడలో వేసి, గరిటె వీపుతో రాశాడు. సరసరమంది. అదే చప్పుడు. కింద గిన్నెలోకి సన్నటి తెల్లటి పోగులు రాలాయి.

వేలెడంత మందం వెన్న వేశాడు. పాలు కాచి, కొంచెం కొంచెం పోస్తూ గరిటె తిప్పాడు. మొదట టపటపమన్నది మెల్లగా మెత్తబడి, చివరికి చప్పుడు లేకుండా పోయింది. జారిన భుజం సలిపింది. ఆవిడకి ఏ భుజం సలిపేదో ఆయనకి తెలియదు. ఉప్పు వేసి, కలిపి, అన్నేళ్లూ విన్నట్టే గరిటెని గిన్నె అంచుకేసి రెండుసార్లు తట్టాడు.

ముందుగదిలో మంచం కిర్రుమంది. ఆవిడ తల వంటింటి వైపు తిప్పింది.

తొందరగా ఆరుతుందని తన కంచంలోనే పరిచి తెచ్చాడు. మంచం అంచున కూర్చుని చెంచా ఎత్తాడు. ఆవిడ చెంచాని చూసింది, ఆయన్ని చూసింది. నోరు తెరిచింది.

గొంతు కదిలింది. దిగింది.

ఆయన ఇంకో చెంచా పెట్టాడు. ఇంకోటి. పెదాల పక్కన కారినదాన్ని చెంచా అంచుతో తీసి మళ్లీ నోటికందించాడు, మరదలు చేసేటట్టే. మంచం పొయ్యి సెగ తగిలే చోటుకి జరపాలనుకున్నాడు. డ్యూటీ మార్చమని మేస్త్రీని అడగాలనుకున్నాడు. రేపు ఇందులో మిరియాల పొడి చిటికెడు వేస్తే దానికి ఇష్టమేమో, ఎవర్ని అడగాలి అనుకున్నాడు. బయట వ్యాన్ వచ్చి ఆగింది, హారన్ మోగింది. ఎవరూ లేవలేదు.

కంచంలో ఇంకాస్త ఉందనగా ఆవిడ నమలడం ఆపింది. నాలుక లోపల దేన్నో వెతికింది. ఎడమచెయ్యి మెల్లగా లేచి నోటి దాకా వెళ్లింది. రెండు వేళ్లతో ఒక చిన్న ఉండని తీసింది, పెసరగింజంత. ఆ చెయ్యి తడబడుతూ కంచం దాకా వచ్చింది. ఉండని అంచున పెట్టింది. పడిపోకుండా వేలితో కాస్త నొక్కింది.

ఆయన ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఏమీ లేదు. తర్వాత మళ్లీ నోరు తెరిచింది. మిగిలిందంతా తినేసింది.

*

"తినేసింది" అంది మరదలు. గొంతులో ఎగతాళి లేదు. "మాటంటే మాట. వ్యాన్ అతనికి చెప్పేసి వస్తా. నీ బట్టలు మళ్లీ బీరువాలో సర్దుతానక్కా."

సంచి ఎత్తబోయింది. ఎత్తలేకపోయింది. ఆవిడ ఎడమచెయ్యి సంచి పట్టీని పట్టుకుని ఉంది.

"వదులక్కా. నువ్వెక్కడికీ పోనక్కర్లేదు."

చెయ్యి వదల్లేదు. వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. మరదలు అక్క ముఖానికి దగ్గరగా వంగింది.

"నాతో వస్తావా?"

ఆవిడ అవునన్నట్టు కళ్లు మూసి, తెరిచింది.

మరదలు బావ వైపు తిరగలేదు. సంచి జిప్ ఒకసారి తడిమి చూసుకుంది.

"ఇంకోసారి చేస్తాను" అన్నాడాయన. "ఈసారి రెండుసార్లు జల్లిస్తాను. ఉండ ఉండదు."

మరదలు వ్యాన్ అతన్ని కేకేసింది.

వ్యాన్ అతనూ మరదలూ కలిసి ఆవిణ్ణి ఆయన కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీతో సహా ఎత్తారు. ఆయన పక్కనే నడిచాడు గానీ పట్టుకోవడానికి చోటు దొరకలేదు. వెనక్కొచ్చి ఆవిడ చెప్పులు తెచ్చి సీటు కింద పెట్టాడు. ఆవిడ అవతలి కిటికీలోంచి చూస్తోంది. సంచి ఒళ్లో ఉంది.

"లోపలికి పో బావా. మంచు పడుతోంది" అంది మరదలు.

వ్యాన్ కదిలింది. అలవాటు చొప్పున చక్రాల చప్పుడు విన్నాడు. అన్నీ బాగానే ఉన్నాయి. మలుపు తిరిగాక కూడా కాసేపు వినబడ్డాయి.

లోపలికొచ్చి జల్లెడ కడిగాడు. గరిటె కడిగి మేకుకి తగిలించాడు. గిన్నె బోర్లించాడు. కంచం కోసం ముందుగదిలోకి వెళ్లి, మంచం దగ్గర నిలబడి, చెయ్యి చాచి, అలాగే ఉండిపోయాడు. వెలుతురు పలచబడుతోంది. కుర్చీ వ్యాన్‌లో పోయింది కాబట్టి గోడకి ఆనుకుని నేలమీదే కూర్చున్నాడు.

కంచం నాకినట్టు ఖాళీగా ఉంది. అంచున ఆ ఒక్క ఉండ మాత్రం, ఆవిడ వేలు నొక్కినచోట కాస్త చదునై, మెల్లగా ఆరిపోతూ అంటుకుని ఉంది.