బాబాయి నడక వీడియో

ఫిజియోథెరపీ కేంద్రం వెబ్‌సైటుకు మన ఘనుడు పెట్టిన లాగిన్ ఎంత గట్టిదంటే, కేంద్రం యజమానే పాస్‌వర్డ్ మరిచి బయట పడిగాపులు కాశాడు. అందులో ఉండేవి పక్షవాతం వచ్చినవాళ్ళు మళ్ళీ నడక నేర్చుకునే వీడియోలు. ఎవరిది వాళ్ళే చూసుకోవాలి. అయితే ఘనుడు తాళం వేసింది పేజీకి మాత్రమే. ఫైళ్ళున్న ఫోల్డరు బార్లా తెరిచే ఉంది. లింకు దొరికినవాడికి పేరైనా అడగకుండా వీడియో చేతిలో పెట్టేది. ఎప్పుడు చూసినా తాను లాగిన్ అయ్యే చూసుకున్నాడు కనుక ఆ సంగతి తట్టలేదు.

తట్టేసరికి సొంత బాబాయి కిందపడ్డ వీడియో బస్సు డిపో అంతా తిరిగింది.

బాబాయి బస్సు డ్రైవరు, పక్షవాతం వచ్చి ఆ కేంద్రం వాళ్ళ దగ్గరే నడక నేర్చుకుంటున్నాడు. "ఇప్పుడు పందెం పెడితే బస్సే నాకు దారివ్వాలి" అని తోటివాళ్ళకు ఫోన్లో కోతలు కోసేవాడు. వీడియో చూసి వాళ్ళు నవ్వినా బాగుండేది. అయ్యో పాపం అన్నారు. ఆయన నడక మానేశాడు. కేంద్రం నుంచి ఇంటికొచ్చి నడిపించే అమ్మాయే వీడియో బయటపెట్టిందని ఆమెను గుమ్మంలోనే తిట్టి పంపాడు.

ఘనుడు ఆ ఫోల్డరును సరిచేశాడు. ఫైలు అడిగినవాణ్ణి కూడా పేజీకున్న లాగిన్ దగ్గరికే పంపి, నువ్వెవరు, ఇది నీదేనా అని అడిగించాడు. చిటికెలో పని. నోరు విప్పడమే కొండంత పని.

"ఆ పిల్లని ఎంత నమ్మానురా!" అన్నాడు బాబాయి మంచం మీద నుంచి.

"ఆమె కాదు బాబాయ్. తప్పు నాది. తాళం సగమే వేశాను."

"చీమ కూడా దూరదని డప్పు కొట్టావుగా?"

"ఏనుగు దూరేంత సందు వదిలాను."

నవ్వుతాడేమోనని ఆశపడ్డాడు. బాబాయి నవ్వలేదు.

"నేను తిడుతున్నప్పుడు పక్కనే ఉన్నావు. అప్పటికే తెలుసా?"

"తెలుసు."

"ఆ పిల్లకి ఫోన్ చెయ్. నా ముందే చెప్పు."

చెప్పాడు. ఆమె అంతా వింది. చివరికి, "సాయంత్రం వస్తాను, ఆయన్ని సిద్ధంగా ఉండమనండి" అంది.

వచ్చింది. బాబాయి ఆమె ముందు చేతులు జోడించి, ఆమె భుజం పట్టుకుని లేవబోయాడు. ఆసరాకు ముందుకొచ్చిన ఘనుణ్ణి చూసి ఆగిపోయాడు.

"నువ్వు బయటికి నడు. తలుపేసుకో."

వేశాడు. లోపల కాలు ఈడుస్తున్న చప్పుడు. ఆ వెంటనే దబ్బున ఏదో పడింది. ఘనుడి చేయి తలుపు మీదికి పోయింది, కానీ తోయలేదు.

"పర్లేదు బాబాయిగారూ, మళ్ళీ" అంది లోపలి గొంతు.