సున్నా వెడల్పు నెమలి

తెర మీద కొంగు డిజైన్ చుట్టూ కంప్యూటర్ గీసిన ఎర్ర చట్రాన్ని చూసి దేవరాజు సార్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. చట్రం తగ్గలేదు. పూలన్నీ కింది కుడిమూలన జానెడు చోటులో ఉంటే, చట్రం పై ఎడమమూల దాకా పాకింది. మగ్గానికి డిజైన్ అందించే జకార్డుకు మూడు వందల చిల్లుల అట్టలు చాలాల్సింది, రెండు వేలు కొట్టమంటోంది.

"మూడింటికి కొత్తకోట సేటు వస్తడు సార్," అన్నాడు మద్దిలేటి. గద్వాలలో నాలుగు తరాల మగ్గం అతనిది. "మగ్గం మీద అట్టలు కనిపియ్యకుంటే పన్నెండు చీరల పని ఇంకొకని ఇంటికి పోతది. మీ ప్రోగ్రాంకు జర బుద్ధి చెప్పుండ్రి."

"రిటైరైన లెక్కల సారు రాసిన ప్రోగ్రాం. చెప్తే వింటదా?"

సార్ బొమ్మల జాబితా తెరిచాడు. ఏడు పూలు. ఎనిమిదోది నెమలి. చోటు: పై ఎడమమూల. వెడల్పు సున్నా, ఎత్తు సున్నా.

"ఈ నెమలి ఏంది?"

మద్దిలేటి గోడవైపు చూశాడు. "సేటు వద్దన్నడు సార్. మా నాయిన గీసింది, తుడిచెయ్యనీకి చెయ్యి రాలే. మూలకు నూకి సన్నగ, సన్నగ చేసిన. కనిపిస్తలేదు గద."

"బస్సు కిటికీల నుంచి దస్తీ వేస్తే సీటు ఎవరిది?"

"మనదే."

"మనిషి ఎక్కకున్నా?"

"దస్తీ ఉంది గద సార్."

"గిదీ గంతే. అన్నిటినీ కలిపి ఒక చట్రం గియ్యమంటే, నేను వాడిన పాత గ్రాఫిక్స్ లైబ్రరీ, అంటే బొమ్మల కోసం ఎవరో ముందే రాసిపెట్టిన కోడు, ఈ నెమలి అసొంటి ఖాళీ దీర్ఘచతురస్రాన్ని గూడ కలుపుకుంటది. కొన్ని లైబ్రరీలు ఖాళీదాన్ని వదిలేసి పోతయ్."

"కండక్టర్లల్ల రకాలున్నట్టు."

నెమలిని తీసేయడానికి ఒక్క మీట చాలు. సార్ వేలు దాని మీద కాసేపు ఆగింది. భార్య పోయి మూడేళ్లయినా రెండో టీ గ్లాసును ఆయన రోజూ కడిగి బోర్లిస్తాడు. టీ మాత్రం ఒక్క గ్లాసుకే పెడతాడు. వేలు వెనక్కి తీసుకుని ప్రోగ్రాంలో ఒక్క వరుస రాశాడు: కలిపేటప్పుడు ఖాళీదాన్ని వదిలెయ్.

చట్రం పూల చుట్టూ ముడుచుకుంది. మూడు వందల పన్నెండు అట్టలు.

"నెమలి పోయిందా సార్?"

"ఉంది. లెక్కలకు తీసుకోం, అంతే."

"మా పెద్ద బావమరిది తీరు," అంటూ మద్దిలేటి అట్టలు కొట్టే మిషన్ దగ్గరికి పరుగెత్తాడు.

మూడింటికి సేటు వచ్చేసరికి మొదటి అట్టలు మగ్గానికి వేలాడుతున్నాయి. ఆయన తెర మీద కొంగును అటూ ఇటూ చూసి తల ఊపాడు. పని మీకే అన్నాడు. గడప దాకా వెళ్లి మళ్లీ తిరిగాడు.

"ఆ పైన ఖాళీగ ఉంది. ఒక నెమలి ఉంటే ఎట్లుంటది?"

మద్దిలేటి సార్ వైపు చూడకుండా మౌస్ అందుకున్నాడు.